పోలీసుల హెచ్చరిక చదివాక ఇంట్లో చేసిపెట్టుకోవాల్సిన పనులు

తిరుపతిలో పోలీసు ప్రకటనలు ఏడాది పొడవునా దాదాపు ఒకే వరుసలో వస్తుంటాయి. సంక్రాంతికి, వేసవి సెలవులకు ముందు తాళం వేసిన ఇళ్ల గురించి చెబుతారు. మే నెలలో గంగజాతరకు, ఆ తర్వాత పెరటాసి (తమిళ నెల) శనివారాలకు, బ్రహ్మోత్సవాలకు వాహనాల మళ్లింపు ప్రకటిస్తారు. మధ్యమధ్యలో సైబర్ మోసాల హెచ్చరికలు, పోగొట్టుకున్న ఫోన్లను ఎస్పీ గారు సొంతదారులకు అప్పగిస్తున్న ఫొటోలు వస్తాయి. చిత్తూరు జిల్లాలోనూ ఇదే వరుస. అన్నిటి చివరా "అప్రమత్తంగా ఉండండి, అనుమానం వస్తే 112కు ఫోన్ చేయండి" అని ఉంటుంది.

ఆ మాట మంచిదే. అయితే స్టేషన్‌లో అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబు లేనివాళ్ల కేసు అక్కడే నెమ్మదిస్తుంది. ఫోన్ పోతే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), నగ పోతే తూకం, డబ్బు పోతే లావాదేవీ నంబరు, బండి పోతే ఛాసిస్ నంబరు అడుగుతారు. ఇవన్నీ వస్తువు మన దగ్గర ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో రాసిపెట్టుకోగలిగేవి. పోయాక మాత్రం రోజుల తరబడి వెతుక్కోవాలి. ప్రకటనల్లో చోటు చాలక వదిలేసే వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

మొదట తాళం వేసిన ఇల్లు. దొంగ వీధిలో నడుస్తూ చూసేవి కొన్నే. వాకిట్లో ముగ్గు లేదు, గేటుకు బయటి నుంచి తాళం కప్ప వేలాడుతోంది, పేపర్లు గుమ్మంలో పడున్నాయి, వరండా లైటు పగలు కూడా వెలుగుతోంది. ఊరికి పోయేటప్పుడు చాలామంది లైటు వేసి పోతారు. అది రాత్రి కాపలా కాస్తుందేమో గానీ పట్టపగలు మాత్రం ఇంట్లో ఎవరూ లేరని చెప్పేస్తుంది. టైమరు ఉన్న బల్బు హోల్డరు పెట్టడమో, పక్కింటివాళ్లకు స్విచ్ అప్పగించడమో మేలు. పాలు, పేపరు ఆపించండి. వాకిలి ఊడ్చి ముగ్గు వేయమని పనిమనిషికి చెప్పండి.

తాళం కప్ప ఎంత ఖరీదైనదైనా దొంగ సాధారణంగా దాని జోలికి పోడు. కడ్డీ పెట్టి గొళ్లేన్ని, దాని మేకుల్ని పెకలిస్తాడు. పాత ఇళ్లలో గొళ్లెం అంగుళం స్క్రూలతో మెత్తటి చెక్కకు బిగించి ఉంటుంది, ఒక్క ఊపుకు ఊడొస్తుంది. తలుపు లోపలికే అమర్చే సెంట్రల్ లాక్ పెట్టించుకుంటే బయట పట్టు దొరకదు. కనీసం గొళ్లేన్నయినా తలుపు మందం దాటే బోల్టులతో, లోపలి వైపు నట్లు వచ్చేలా బిగించండి. వెనక తలుపును, మేడ మీద తలుపును కూడా ఇలాగే చూడాలి. ముందు తలుపుకు రెండు తాళాలు వేసి, మేడ తలుపును ఒక గడియతో వదిలేసే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే సేవ, ఉచితం. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. వాడుకున్నవాళ్లలోనూ కొందరు నమోదు దగ్గరే పొరపాటు చేస్తారు. యాప్‌లో పేరు, ఫోన్ నంబరు, చిరునామా ఇచ్చి ఓటీపీతో నమోదు చేసుకోవాలి. ఈ పని తప్పనిసరిగా ఇంట్లో కూర్చునే చేయాలి, ఎందుకంటే ఇంటి లొకేషన్ అప్పుడే నమోదవుతుంది. ఆఫీసులో కూర్చుని చేస్తే మ్యాపులో ఆఫీసే పడుతుంది. ఆ తర్వాత ఊరికి బయలుదేరే ముందు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నిఘా కావాలో యాప్‌లో అడగాలి. పోలీసులు వచ్చి హాల్లో కదలికలను పసిగట్టే కెమెరా, మోడెమ్ పెట్టి పోతారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది, గస్తీ సిబ్బంది బయలుదేరతారు.

ఈ సేవ విఫలమయ్యే సందర్భాలు తెలిసినవే. బయలుదేరే సాయంత్రం అడిగితే కెమెరా పెట్టే వీలుండదు. ఒక్కో స్టేషన్‌లో కెమెరాలు పరిమితంగానే ఉంటాయి, పండగ రోజుల్లో అడిగేవాళ్లు ఎక్కువ. రెండు మూడు రోజుల ముందే యాప్‌లో పెట్టి, స్టేషన్‌కు ఒకసారి ఫోన్ కూడా చేయండి. బయలుదేరేటప్పుడు అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేస్తే కెమెరా కూడా ఆగిపోతుంది. ఫ్యాను ఆపకుండా పోయినా, కిటికీ తెరలు గాలికి ఊగుతున్నా, పిల్లి లోపల చిక్కుకున్నా ఉత్తుత్తి అలారాలు మోగుతాయి. మొక్కలకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి ఉంటే, వాళ్లు లోపలికి వెళ్లే ముందు స్టేషన్‌కు చెప్పాలి.

సొంత సీసీ కెమెరాలు ఉన్నవాళ్లు ముందు డీవీఆర్, అంటే దృశ్యాలు రికార్డయ్యే పెట్టె, ఎక్కడుందో చూసుకోండి. చాలా ఇళ్లలో అది టీవీ కింద ఉంటుంది. దొంగ నగలతో పాటు దాన్నీ తీసుకుపోతే రికార్డింగ్ మొత్తం పోయినట్టే. అటక మీదో, తాళం వేసిన అల్మరాలోనో గాలి ఆడేలా పెట్టి, చిన్న యూపీఎస్ తగిలించండి. ఎన్ని రోజుల దృశ్యాలు నిలుస్తాయో లెక్క వేసుకోండి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21 జీబీ పైన పడుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ అవుతుంది. అంటే ఒక టీబీ డిస్కులో 11 రోజులకు మించి నిలవదు. రెండు వారాల తీర్థయాత్రకు పోయేవాళ్లకు ఇది చాలదు. డిస్కు పెంచడమో, కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టడమో చేయాలి.

ఇంకో పెద్ద లోపం గడియారం. డీవీఆర్ సమయం నలభై నిమిషాలు తప్పుగా ఉంటే, వీధి చివరి దుకాణం కెమెరాతో పోల్చి దొంగ ఎటు పోయాడో చూసే పని చిక్కుపడిపోతుంది. నెలకోసారి సరిచేయండి. ఒకవేళ తప్పుగా ఉన్నప్పుడే దొంగతనం జరిగితే సమయాన్ని మార్చవద్దు. ఎంత తేడా ఉందో ఫోన్ గడియారం పక్కన పెట్టి ఫొటో తీసి పోలీసులకు ఇవ్వండి. కెమెరాల్లో ఒకటి గేటు దగ్గర మనిషి ముఖం ఎత్తులో ఉండాలి. మేడ మీద నుంచి చూసే కెమెరాకు టోపీలు, నడినెత్తులే దొరుకుతాయి. ఫుటేజీ ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. అది లేకపోతే కోర్టులో ఆ వీడియో నిలవడం కష్టం. సంతకం పెట్టమంటే బెదరాల్సిన పని లేదు.

ఊరి నుంచి వచ్చి చూస్తే తాళం పగిలి ఉంది. అలాంటప్పుడు లోపలికి పోకండి, మనుషులు లోపలే ఉండవచ్చు. 112కు చేయండి. పోలీసులు వచ్చాక కూడా వేలిముద్రలు, ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ పని ముగిసేదాకా బీరువా ముట్టుకోవద్దు, చిందరవందరగా పడిన బట్టలు సర్దవద్దు. బంధువులంతా వచ్చి తలా ఒక సొరుగు తెరిచి చూస్తే వేలిముద్రలు తీయడానికి ఏమీ మిగలదు. ఇది చెప్పడం తేలిక, ఆ నిమిషంలో పాటించడం కష్టమని తెలుసు. అందుకే ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి.

నగల సంగతికొస్తే, ఫిర్యాదులో "సుమారు 20 తులాల బంగారం" అని రాస్తే ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు. ఒక్కో వస్తువు పేరు, గ్రాముల్లో తూకం, రాళ్లు ఉంటే వాటి రంగు, ఎక్కడ అతుకు వేయించారు, లోపలి వైపు ఏ అక్షరం ఉంది, ఇవన్నీ కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఉండే ఆరు అక్షరాంకెల గుర్తింపు, తప్పనిసరి అయింది. దాన్ని నగ మీద చూసి నోట్ చేసుకోండి. పాత నగలకు అది ఉండదు కనుక తెల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ముందూ వెనకా ఫొటోలు తీయండి. దొంగసొత్తు తాకట్టు దుకాణంలో దొరికినప్పుడు, ఒకే నమూనా నల్లపూసల దండలు నాలుగు ఉంటే మీదేదో గుర్తుపట్టేది ఈ ఫొటోతోనే. ఆ ఫొటోలు ఫోన్లో ఒక్కచోటే ఉంచకుండా కుటుంబంలో ఇంకొకరికి కూడా పంపి పెట్టండి. బ్యాంకు లాకర్ వాడేవాళ్లకు ఒక మాట. అక్కడ దొంగతనం జరిగినా, ఉద్యోగి మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. విలువ అంతకు మించితే బీమా వేరే చేయించుకోవాలి.

ఫోన్ పోయినప్పుడు పనుల వరుస ముఖ్యం. బస్టాండులోనో, కొండకు పోయే బస్సు ఎక్కే తోపులాటలోనో పోయిందనుకోండి. మొదట చేయాల్సింది సిమ్ ఆపించడం. దొంగ ఫోన్ తాళం తీయలేకపోయినా సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ పిన్ పెట్టుకుని ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. మూడుసార్లు తప్పు పిన్ కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే అనే విడుదల కోడ్ అడుగుతుంది, కాబట్టి మీ నెట్‌వర్క్ మొదట ఇచ్చే పిన్ ఏమిటో కనుక్కుని ఆ తర్వాతే మార్చండి. సిమ్ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించాలి. ఆ తర్వాత పోలీసులు.

తిరుపతి పోలీసులు మొబైల్ హంట్ పేరుతో, చిత్తూరు పోలీసులు చాట్‌బాట్ పేరుతో వాట్సాప్‌లో ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు చేశారు. దానితో పాటు కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో, అంటే పోయిన ఫోన్ ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా బ్లాక్ చేసే విభాగంలో, నమోదు చేయాలి. ముందు అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. కొత్తగా ఇచ్చిన సిమ్‌కు ఎస్సెమ్మెస్‌లు 24 గంటల తర్వాతే మొదలవుతాయి కాబట్టి ఓటీపీ రాలేదని కంగారు పడవద్దు. ఫారంలో ఐఎంఈఐ, కొన్న బిల్లు, పోయిన చోటు, తేదీ, స్టేషన్ పేరు, ఫిర్యాదు నంబరు, ఫిర్యాదు ప్రతి, గుర్తింపు కార్డు ఇవ్వాలి. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ రాయండి. పదిహేను అంకెల్లో ఒకటి తప్పినా వేరెవరి ఫోనో అవుతుంది. *#06# నొక్కితే ఆ నంబర్లు తెర మీద వస్తాయి, ఇప్పుడే ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. పెట్టె పారేసి, బిల్లూ లేనివాళ్లకు ఒక దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే అదే గూగుల్ ఖాతాతో ఇంకో ఫోన్లో పరికరాన్ని వెతికే పేజీ తెరిస్తే ఐఎంఈఐ అక్కడ కనిపిస్తుంది.

బ్లాక్ చేస్తే పోలీసులు వెతకలేరని ఒక అపోహ ఉంది. బ్లాక్ అయిన ఫోన్లో ఎవరైనా కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం నమోదవుతుంది, వెతకడానికి అదే ఆధారం. ఫోన్ నెలల తరబడి దొరక్కపోతే సిమ్ వేయకుండా దాచి ఉంచారనో, విడిభాగాలుగా అమ్మేశారనో అర్థం చేసుకోవాలి. తిరిగి చేతికొచ్చాక పోర్టల్‌లో రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ చేయడం మరచిపోతే ఫోనుకు సిగ్నల్ రాదు. బాగు చేసే దుకాణానికి పోయి వందలు ఖర్చు పెట్టకండి, చేయాల్సింది ఆ ఒక్క పనే.

బండి విషయం క్లుప్తంగా. ఆర్‌సీ ఫొటో, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, రెండు తాళం చెవులు భద్రంగా ఉంచండి. బీమా కంపెనీ రెండు చెవులూ అడుగుతుంది. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు. బండి దొరకలేదని పోలీసులు కోర్టుకు ఇచ్చే తుది నివేదిక కూడా క్లెయిముకు కావాలి, కాబట్టి ఎఫ్‌ఐఆర్ తీసుకుని ఊరుకోకుండా దాని వెంట పడాలి.

డబ్బు మోసాల్లో మన ఊరికే ప్రత్యేకమైన రకం ఒకటుంది. దర్శనం టికెట్లు, కొండ మీద గదులు ఇప్పిస్తామనే నకిలీ వెబ్‌సైట్లు, దళారులు. టీటీడీ టికెట్ల సైటు చిరునామా చివర ఏపీ.గవ్.ఇన్ (ap.gov.in) అని ఉంటుంది. మొదటి భాగం ఎంత బాగా కనిపించినా చివరి భాగం వేరైతే అది టీటీడీ టికెట్ల సైటు కాదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ దానిలో పేరున్న మనిషి గుర్తింపు కార్డుతోనే చెల్లుతుంది, ఇంకొకరి పేరున ఉన్నదాన్ని కొంటే క్యూలో ఆపేస్తారు. బయటి ఊళ్ల నుంచి వచ్చే బంధువులకు ఈ ఒక్క మాట చెప్పండి చాలు, ఎన్నో కుటుంబాల ప్రయాణం దక్కుతుంది.

రెండో రకం వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే తెరిస్తే ఫోన్లో యాప్‌గా ఎక్కిపోయే ఫైళ్లు. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక అనే పేర్లతో, తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉంటుంది. ఏమరుపాటున తెరిచి ఉంటే వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఆ యాప్ తీసేసి, ముఖ్యమైనవి దాచుకుని ఫోన్ రీసెట్ చేయించండి. ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్ రద్దు చేయండి. ఇక డిజిటల్ అరెస్ట్ అన్నది చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనిపించి గదిలోంచి కదలవద్దన్నవాడు పోలీసు కాడు. పింఛను డబ్బు దాచుకున్న పెద్దలే దీనికి ఎక్కువగా లోనవుతున్నారు. వాళ్లకు ఒక్కటే నేర్పండి: ఫోన్ పెట్టెయ్, పిల్లలకు చెప్పు.

1930కి చేసేటప్పుడు డబ్బు ఏ ఖాతా నుంచి పోయింది, ఎంత, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఎంత అన్నవి ఎదురుగా ఉంచుకోండి. యూపీఐలో 12 అంకెల యూటీఆర్ నంబరే కీలకం. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో జారిపోతుంటుంది. ఆ నంబరు పట్టుకునే బ్యాంకులు దాని వెంట పోయి ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ ఆపుతాయి. ఫోన్‌లో చెప్పాక వచ్చే నంబరుతో 24 గంటల్లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు ముగించాలి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆపిన సొమ్ము తిరిగి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. మీరు ఓటీపీ చెప్పకుండా, మీ పొరపాటు లేకుండా ఖాతాలోంచి పోతే, రిజర్వు బ్యాంకు 2017 జూలై సర్క్యులర్ ప్రకారం మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే మీ మీద భారం పడదు. అందువల్ల 1930తో పాటు బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

రద్దీ గురించి చెప్పకుండా తిరుపతిలో భద్రత గురించి రాయలేం. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. గుంపు బిగుసుకుంటున్నప్పుడు రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి పెట్టుకుంటే ఊపిరికి చోటు ఉంటుంది. చెప్పు జారినా, ఫోన్ పడినా వంగవద్దు. నెట్టుడుకు ఎదురు నెట్టకుండా, ఒత్తిడి కాస్త సడలినప్పుడల్లా పక్కకు, అంచు వైపు జరగాలి. గేటు, మెట్లు, ఇరుకు మలుపు దగ్గర ఎప్పుడూ నిలబడవద్దు. పిల్లలతో, ముసలివాళ్లతో బయలుదేరే రోజు పొద్దున్నే, ఆ రోజు వేసుకున్న బట్టల్లో అందరి ఫొటో తీసుకోండి. తప్పిపోతే కంట్రోల్ రూముకు పంపాల్సింది అదే. పిల్లల జేబులో ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు రాసిన చీటీ ఉంచండి. పిల్లలు తప్పిపోతే 24 గంటలు ఆగాలనే నియమం ఏదీ లేదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుపై ఎఫ్‌ఐఆర్ పెట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ఫిర్యాదు. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ సామాన్యులకు తెలిసి ఉండాల్సినది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. రైలు గూడూరు దాటాక బ్యాగు పోయిందని రేణిగుంటలో తెలిసినా రైల్వే పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా కట్టే ఎఫ్‌ఐఆర్) కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. అలిపిరి పరిధా, ఎంఆర్ పల్లి పరిధా అని మీరు తేల్చుకుని పోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు స్టేషన్‌కు పోయి సంతకం చేయాలి, లేకపోతే అది నమోదు కాదు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు తెలపాలి.

ఫిర్యాదు ఒక పేజీ చాలు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, ఫోన్. ఇంటికి ఎప్పుడు తాళం వేశారు, ఎప్పుడు వచ్చి చూశారు. పోయిన వస్తువుల వివరం. ఆలస్యంగా ఇస్తుంటే కారణం ఒక వాక్యంలో రాయాలి. లేకపోతే దాన్నే పట్టుకుని కోర్టులో ప్రశ్నిస్తారు. అనుమానం ఉంటే ఎందుకో రాయండి, పాత తగాదా తీర్చుకోవడానికి పేర్లు ఇరికించవద్దు. విలువ పెంచి రాయడం ఇంకా పెద్ద తప్పు, రికవరీలో దొరికిన సొత్తుకు ఫిర్యాదుకు పొంతన కుదరదు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల స్వీకరణలోనూ ఇవ్వవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోయే హక్కు ఆ సెక్షన్‌లోనే ఉంది.

సొత్తు దొరికిందని కబురు వచ్చిన రోజే చేతికి రాదు. పోలీసులు దాన్ని కోర్టుకు చూపాలి, మీరు బిల్లులు, ఫొటోలతో తాత్కాలికంగా అప్పగించమని పిటిషన్ వేసుకోవాలి. సొత్తు ఏళ్ల తరబడి స్టేషన్‌లో పడి ఉండకూడదని, ఫొటోలు, పూచీకత్తు తీసుకుని సొంతదారుకు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అలా తెచ్చుకున్న నగను కేసు ముగిసేదాకా కరిగించకూడదు, అమ్మకూడదు, రూపు మార్చకూడదు. కోర్టు అడిగిన రోజు అదే వస్తువు తీసుకుపోయి చూపించాలి.